బొమ్మ చేతికి కుంచె: చిట్టి చిత్రకళా సామానులో ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

బొమ్మలకు వంటసామాను సమకూర్చడం మనకు కొత్త కాదు. లక్కపిడతలతో ఆడని బాల్యం తెలుగునాట తక్కువే. ఏటికొప్పాక లక్క సామానులో పొయ్యి, రోలు, తిరగలి, బిందె అన్నీ అరచేతిలో ఇమిడే పరిమాణంలో ఒకే సెట్టుగా దొరుకుతాయి. చిక్కంతా బొమ్మను వంటింట్లోంచి బయటికి తెచ్చి, దాని చేతికి కుంచె ఇవ్వాలనుకున్నప్పుడు మొదలవుతుంది. ఈజిల్ (బొమ్మ గీసే పలకను నిలబెట్టే చట్రం), రంగుల పళ్లెం, ట్యూబులు, పెన్సిళ్లు, స్కెచ్ పుస్తకం అంటూ ఆన్‌లైన్‌లో వెతికితే లెక్కలేనన్ని రకాలు కనబడతాయి. తెల్లటి నేపథ్యం మీద తీసిన ఫొటోలో ప్రతిదీ ముద్దుగానే ఉంటుంది. పార్శిల్ విప్పి చూస్తే, పెన్సిల్ అనుకున్నది బొమ్మ చేతిలో రోకలై కూర్చుంటుంది.

ఈ సామాను ఎంచుకోవడంలో నేను పాటించే వరుస ఇది: మొదట కొలత, తరువాత పదార్థం, ఆ తరువాతే ధర. కొలత తప్పిన ఖరీదైన సెట్టు కంటే కొలత కుదిరిన అగరుబత్తి పుల్ల ఎంతో నయం. అన్నీ కొనాల్సిన పని లేదు, అన్నీ చేసుకోవాల్సిన పని అంతకన్నా లేదు. కొన్ని వస్తువుల దగ్గర యంత్రం మన చేతిని ఓడిస్తుంది, కొన్నింటి దగ్గర మన చేయి యంత్రాన్ని ఓడిస్తుంది.

ముందు బొమ్మను కొలవండి

బొమ్మ ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి, 165ని, అంటే పెద్దవాళ్ల ఎత్తుగా మనం అనుకునే సెంటీమీటర్లను, ఆ సంఖ్యతో భాగించండి. పెద్దవాళ్ల రూపంలో ఉన్న బొమ్మలకు ఈ లెక్క చాలు. 28 సెంటీమీటర్ల బొమ్మకు జవాబు దాదాపు 6 వస్తుంది, అంటే అది ఆరో వంతు బొమ్మ. 14 సెంటీమీటర్లు ఉంటే పన్నెండో వంతు. కూర్చున్న బొమ్మ అయితే పీట నుంచి తల వరకు కొలిచి రెట్టింపు చేయండి, సుమారుగా నిలువెత్తు తెలుస్తుంది.

1959లో వచ్చిన బార్బీ ఎత్తు 29 సెంటీమీటర్లు. ఆరో వంతు సామాను ఇంత విరివిగా దొరకడానికి ముఖ్య కారణం ఆ బొమ్మే. బొమ్మరిళ్ల వాళ్లది పన్నెండో వంతు ప్రపంచం: అడుగుకు ఒక అంగుళం. ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లును 1921-24 మధ్య వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్ రూపకల్పనలో కట్టింది ఈ కొలతలోనే. అందులోని గ్రంథాలయం కోసం ఆనాటి చిత్రకారులు నిజంగానే వందల చిట్టి చిత్రాలు గీసి ఇచ్చారు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోని థోర్న్ గదులనే 68 చిట్టి నమూనా గదులదీ దాదాపు ఇదే కొలత. ఈ రంగంలో మంచి లోహపు సామాను, గాజు సీసాలు పన్నెండో వంతులో ఎక్కువగా దొరకడానికి వెనక ఇంత చరిత్ర ఉంది. ఇక 46 సెంటీమీటర్ల అమెరికన్ గర్ల్ తరహా బొమ్మలు చిన్నపిల్లల రూపాలు కాబట్టి వాటికి 165 లెక్క కుదరదు. వాటిది దాదాపు మూడో వంతు.

జాగ్రత్త పడాల్సింది ఇరవైనాలుగో వంతు దగ్గర. చెక్క ముక్కలు, జిగురు, చిన్న దీపాలతో పెట్టెలో వచ్చే 'మీరే చేసుకోండి' గదుల కిట్లు ఎక్కువగా ఈ కొలతవే. చిత్రకారుడి గది, పూలకొట్టు, కాఫీ దుకాణం అంటూ వచ్చే ఆ కిట్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో నిలబడగలిగే మనిషి ఎత్తు ఏడు సెంటీమీటర్లు. బార్బీ కోసం అలాంటి కిట్ కొంటే ఈజిల్ దాని మోకాలిదాకా కూడా రాదు.

కొలువు బొమ్మలకు ఒకే కొలత ఉండదు. కొండపల్లి పల్లె సెట్టులో తాటిచెట్టు, కల్లుగీసే మనిషి, ఎడ్లబండి ఒకదానితో ఒకటి కొలత కలిపి చేసినవి కావు, కలపాలని ఆ కళాకారులు అనుకోనూ లేదు. అక్కడ బొమ్మ మొత్తాన్ని కాక చేతిని కొలవండి. మన అరచేతి వెడల్పు 8 సెంటీమీటర్లనుకుంటే, బొమ్మ అరచేయి 8 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు దానికిచ్చే కుంచె పదో వంతుది కావాలి. తల పెద్దగా, ఒళ్లు చిన్నగా ఉండే ఆధునిక బొమ్మలకూ ఈ పద్ధతే మేలు.

ఈజిల్: మూడు దారులు

స్టేషనరీ దుకాణాల్లో, చిన్న కాన్వాసుతో కలిపి అమ్మే అయిదంగుళాల చెక్క ఈజిల్ మీరు చూసే ఉంటారు. ఇది బొమ్మల కోసం తయారైంది కాదు, బల్ల మీద అలంకారానికి. అయినా చౌకలో దీన్ని మించింది లేదు. పన్నెండో వంతు బొమ్మ పక్కన పెడితే ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న నిలువు ఈజిల్ అవుతుంది, సరిగ్గా సరిపోతుంది. బార్బీ పక్కన నేల మీద పెడితే మరుగుజ్జుదే. అదే ఈజిల్‌ను చిన్న బల్ల మీదికి ఎక్కిస్తే బల్ల ఈజిల్‌గా పనికొస్తుంది. దీని లోపం చీలలు, మరలు. నిజమైన మర కాబట్టి అది మాత్రం బొమ్మ ప్రపంచంలో రథపు ఇరుసంత కనబడుతుంది. గోధుమరంగు అక్రిలిక్ చుక్క పెట్టి కప్పేయండి.

రెండోది లేజర్‌తో కోసిన ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) ఈజిల్. 3 మిల్లీమీటర్ల పలక ఆరో వంతులో 18 మిల్లీమీటర్ల చెక్కకు సమానం, చక్కగా నప్పుతుంది. అదే పలక పన్నెండో వంతులో 36 మిల్లీమీటర్ల మొద్దు అవుతుంది. కాబట్టి పన్నెండో వంతుకు 1.5 లేదా 2 మిల్లీమీటర్ల పలకతో చేసిందేనా అని అడిగి కొనండి. లేజర్ కోసిన అంచులు మాడి నల్లగా ఉంటాయి, సన్నటి గరుకు కాగితంతో రుద్దకపోతే రంగు వేసినా ఆ నలుపు తొంగిచూస్తుంది.

మూడోది చేసుకోవడం. చాలామంది ఐస్‌క్రీమ్ పుల్లలతో మొదలుపెడతారు. వాటి వెడల్పు 10 మిల్లీమీటర్లు, ఆరో వంతులో అది ఆరు సెంటీమీటర్ల పలక. నిలువునా చీల్చి వాడితే తప్ప కుదరదు. కాఫీ కలిపే సన్నటి చెక్క పుల్లలు అలా కాదు, చీల్చకుండానే ఆరో వంతుకు సరిపోతాయి. నేనైతే బార్బీకి వీటితోనే చేస్తాను. పన్నెండో వంతుకు కొన్నదే వాడతాను, అంత చిన్న కీళ్లు చేత్తో అతికించడంలో కళ్లకు పడే శ్రమకు ఆ డబ్బు దండగ కాదు.

ఏ దారిలో వెళ్లినా ఈజిల్ తేలిక. సీలింగ్ ఫ్యాను మూడో నంబరులో తిరిగితే కాన్వాసుతో సహా వెల్లకిలా పడుతుంది. వెనక కాలి అడుగున చిన్న ఇనుప వాషర్ అతికిస్తే ఆ గొడవ ఉండదు.

పెన్సిలూ కుంచే: ఇక్కడ చేయి గెలుస్తుంది

మన పెన్సిల్ మందం 7 మిల్లీమీటర్లు, కొత్తదాని పొడవు దాదాపు 17.5 సెంటీమీటర్లు. ఆరో వంతులో 29 మిల్లీమీటర్ల పొడవు, 1.2 మిల్లీమీటర్ల మందం రావాలి. అచ్చు పోసిన ప్లాస్టిక్ ఇంత సన్నగా ఉంటే విరిగిపోతుంది. అందుకే కంపెనీలు దాన్ని రెండింతలు లావు చేస్తాయి. పంటిపుల్లతో చేద్దామంటే దానిదీ 2 మిల్లీమీటర్ల మందం, కుంచె పిడికి సరేగాని పెన్సిల్‌కు ఎక్కువ.

మన పూజగదిలో దీనికి జవాబుంది. అగరుబత్తికి వాడే గుండ్రటి వెదురు పుల్ల మందం సాధారణంగా 1.3 మిల్లీమీటర్లు. బత్తి కాలిపోయాక అడుగున మిగిలే ముక్కను 29 మిల్లీమీటర్లకు కోసి, ఒక కొనను గోరు రాసే ఆకురాయి మీద తిప్పుతూ చెక్కండి. చెక్కిన భాగానికి రంగు వేయకూడదు, చెక్క రంగు అలాగే కనబడాలి. ఆ మొన మీద నల్ల జెల్ పెన్ను చుక్క, మిగతా ఒంటికి ఎరుపో పసుపో అక్రిలిక్ రెండు పూతలు. కిందికొనకు గులాబీ రంగు చుక్క పెడితే రబ్బరు కూడా వచ్చినట్టే. పన్నెండో వంతుకు వెదురు లావైపోతుంది, కొబ్బరి ఈనె కొసభాగం వాడుకోవాలి.

కుంచె ఇంకొంచెం ఓర్పు అడుగుతుంది. పాత చిత్రకళా కుంచె నుంచి ఏడెనిమిది వెంట్రుకలు తీసి, పుల్ల కొన చుట్టూ అమర్చి, సన్నటి రాగి తీగతో దగ్గరదగ్గరగా అయిదారు చుట్లు చుట్టండి. పాత కరెంటు వైరు ఒలిస్తే లోపల అలాంటి పోగులు బోలెడు. తీగ మీద ఫెవిక్విక్ ఒక్క చుక్క, అదీ సూది మొనతో పెట్టాలి. సీసా మూతితో నేరుగా పెడితే వెంట్రుకలు పీల్చుకుని మేకులా బిగుసుకుపోతాయి. వెంట్రుకలను జిగురు ఎండాకే కత్తిరించండి. ముందే కత్తిరిస్తే చుట్టేటప్పుడు జారి ఎగుడుదిగుడవుతాయి. దుకాణంలో కొన్న కుంచెల్లో పిడి, లోహపు పట్టీ, వెంట్రుకలు అన్నీ ఒకే ప్లాస్టిక్ ముద్ద. దగ్గరగా ఫొటో తీసేవాళ్లకు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ట్యూబులూ సీసాలూ: ఇక్కడ యంత్రమే

రంగుల ట్యూబును ఇంట్లో చేయలేమని కాదు. వంటింటి అల్యూమినియం రేకును రెండు మడతలు పెట్టి 3 మిల్లీమీటర్ల వెదురు పుల్లకు చుట్టి, పుల్ల లాగేసి, ఒక కొనను పట్టకారుతో నొక్కి మడిస్తే ట్యూబు. మూతకు ఆవగింజ సరిపోతుంది. రెండు మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది కాబట్టి ఆరో వంతుకు కచ్చితమైన కొలత. అతికించి నల్లరంగు వేస్తే ఆవగింజని ఎవరూ పోల్చుకోలేరు.

సమస్యంతా లేబులు దగ్గర. రెండు సెంటీమీటర్ల ట్యూబు మీద రంగు పేరు చదవగలిగేలా ఇంటి ప్రింటర్ అచ్చు వేయలేదు, అక్షరాలు అలుక్కుపోతాయి. జపాన్‌కు చెందిన రీమెంట్ వంటి సంస్థలు చేసే చిట్టి సామానులో అచ్చు ఎంత నిశితంగా ఉంటుందంటే, భూతద్దం పెట్టినా అక్షరం అక్షరంగానే కనబడుతుంది. అవి చాలావరకు ఆరో వంతుకు దగ్గరగా ఉంటాయి. ధర ఎక్కువ, పైగా కొన్ని సిరీస్‌లు లోపల ఏముందో తెలియని మూసిన పెట్టెల్లో వస్తాయి. చిత్రకళా సెట్టే కావాలనుకునేవాళ్లు అలాంటి పెట్టె కొనకండి, విడిగా విప్పి అమ్మేవాళ్ల దగ్గర కావలసిన ఒక్కటి తీసుకోండి. దగ్గరగా ఫొటోలు తీయనివాళ్లకు ఇదేమీ అక్కర్లేదు. రేకు ట్యూబుకు రంగు పట్టీ ఒక్కటి చుడితే అడుగు దూరం నుంచి అదీ ఇదీ ఒకటే.

కుంచెలు కడిగే నీళ్ల చెంబు కోసం విదేశాల వైపు చూడనక్కర్లేదు. ఏటికొప్పాక వంటసెట్టులోని గ్లాసు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తుంటే, బార్బీకి అది కుంచెల డబ్బా. అంకుడు చెక్కను తరిణి (లేత్) మీద తిప్పి, ఆ తిరుగుడులోనే లక్క పట్టించే పని అది. ఆ నునుపు, ఆ మెరుపు ప్లాస్టిక్ గ్లాసుకు రావు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

రంగుల పళ్లేనికి ఐస్‌క్రీమ్ కప్పుతో ఇచ్చే చెక్క చెంచా చాలు, బొటనవేలి రంధ్రం ఒకటి పొడవాలి. దాని మీద రంగు తడిగా, ఉబ్బుగా కనబడాలి. పోస్టర్ రంగు మందంగా వేస్తే ఎండాక పగులుతుంది, సుద్దలా వెలిసిపోతుంది. అక్రిలిక్ చుక్క కొంచెం కుంగినా పగలదు. ఎండాక పైన మెరుపు వార్నిష్ ఒక పూత వేస్తే ఇప్పుడే ట్యూబులోంచి పిండినట్టుంటుంది. మెరుపు ఆ చుక్కలకే పరిమితం చేయండి. ఈజిల్, బల్ల, పెన్సిల్ అన్నీ మెరిస్తే ప్లాస్టిక్ బొమ్మల దుకాణంలా కనబడుతుంది. కాంతి మచ్చ మన లెక్క ప్రకారం ఆరో వంతుకు కుదించుకుపోదు కదా.

కాగితం, కాన్వాసు

చిట్టి స్కెచ్ పుస్తకాల్లో కొన్నవీ చేసినవీ రెండూ ఓడిపోయే చోటు కాగితం మందం. మామూలు జెరాక్స్ కాగితం 0.1 మిల్లీమీటరు. ఆరో వంతులో అది 0.6, అంటే అట్ట. పన్నెండో వంతులో 1.2. అందుకే చిట్టి పుస్తకాల పుటలు విసనకర్రలా విచ్చుకుని నిలబడతాయి, ఒరగవు. ట్రేసింగ్ కాగితం కొంత మేలు, చెప్పుల పెట్టెలో వచ్చే పల్చటి టిష్యూ ఇంకా మేలు. తెరిచి పెట్టే పుస్తకమైతే రెండు పుటలు టిష్యూవి, కింద మిగతా దిమ్మె మామూలు కాగితంతో చేస్తే చాలు. ఎ4 కాగితం ఆరో వంతులో 50 బై 35 మిల్లీమీటర్లు, పన్నెండో వంతులో 25 బై 17.5.

కాన్వాసు పేరుతో అమ్మే చిట్టి చట్రాల మీద నిజం కాన్వాసు గుడ్డే ఉంటుంది. దాని నేత మన కళ్లకే తెలిసేంత ముతక, బొమ్మకు గోనెపట్టా. పాత నేతధోవతి ముక్కో మల్లు గుడ్డో అట్ట మీద అతికించి తెల్ల అక్రిలిక్ పూస్తే నేత కొలతకు వస్తుంది.

ఈజిల్ లేకుండా

కొలువు మెట్ల మీద చీరకట్టుతో బాసింపట్టు వేసుకున్న బొమ్మ ముందు మూడు కాళ్ల ఈజిల్ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ బొమ్మకు కలంకారీ పని అప్పగించండి. శ్రీకాళహస్తి కలం అంటే చెక్కిన వెదురు పుల్ల, మొనకు కాస్త పైన నూలు దారమో ఉన్ని దారమో చుట్టి ఉంటుంది, రంగును పీల్చి వదిలేది ఆ చుట్టే. అగరుబత్తి పుల్లకు నాలుగు చుట్లు దారం చుడితే కలం సిద్ధం. ఇంతకన్నా సులువైన చిట్టి పనిముట్టు నాకు తెలియదు. గుడ్డకు కరక్కాయ పసుపు ఛాయ రావాలి. కరక్కాయ పొడి కలిపిన నీళ్లలోనే ముంచొచ్చు, లేదా పలుచని టీ డికాక్షన్ సరిపోతుంది. గీతలకు 0.2 మిల్లీమీటర్ల మైక్రాన్ 005 పెన్ను వాడితే ఆరో వంతులో అది 1.2 మిల్లీమీటర్ల గీత, కలం గీసినట్టే ఉంటుంది. రంగు గిన్నెలకు లక్కపిడతలు ఉండనే ఉన్నాయి.

ఎర్రటి నేపథ్యం ఇష్టమైతే చేర్యాల పటం చేయండి. చుట్టి పెట్టుకునే పటం కాబట్టి చట్రం గొడవ లేదు. రెండు చివరలా వెదురు పుల్లలు, మధ్యలో అడ్డంగా గీతలతో విడదీసిన కథా ఘట్టాలు. సగం విప్పి, సగం చుట్టి పెడితే కథ అంతా గీయనక్కర్లేదన్న వెసులుబాటు కూడా.

ముద్రించినవి, మలిచినవి

త్రీడీ ప్రింటింగ్ సామాను ఇప్పుడు ఎక్కువైంది. అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: తీగ ప్రింటరా (ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలు పేర్చేది), రెజిన్ ప్రింటరా (ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచేది)? తీగ ప్రింటర్ పొర మందం సాధారణంగా 0.2 మిల్లీమీటరు. పన్నెండో వంతులో అది 2.4 మిల్లీమీటర్ల మెట్టు, వస్తువు నిండా చారలే. రెజిన్ ప్రింటర్ పొర 0.05 కావడంతో చారలు దాదాపు కనబడవు. కాని రెజిన్ పెళుసు, చేతిలోంచి జారితే సన్నటి భాగం పోయినట్టే. బల్ల, బీరువా లాంటి బండ వస్తువులకు తీగ ప్రింటు ఫర్వాలేదు. కుంచె, కత్తెర లాంటివి ముద్రించినవి కొనకపోవడమే మంచిది.

మలుచుకునేవాళ్లకు మూడు మట్టులున్నాయి. పాలిమర్ క్లే వివరాలను బాగా పట్టుకుంటుంది, ముడుచుకోదు, ఓవెన్‌లో కాల్చాలి. ఫిమో కంపెనీది అయితే 110 డిగ్రీలు, స్కల్పీది అయితే 130 డిగ్రీల సెల్సియస్. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. అది పీవీసీ ఆధారిత పదార్థం కాబట్టి మాడితే విషవాయువు వస్తుంది, ఉష్ణోగ్రత దగ్గర చిత్తం వచ్చినట్టు చేయకండి. గాలికి ఆరే మట్టికి ఓవెన్ అక్కర్లేదు, కాని ఆరుతూ ముడుచుకుంటుంది, సన్నటి భాగాలు పగులుతాయి, వానాకాలంలో ఆరడానికి మారాం చేస్తుంది. రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ మట్టి, మౌల్డిట్ వంటిది, రాయిలా గట్టిపడుతుంది. చేతికి తొడుగులు వేసుకోవాలి, కలిపాక గట్టిపడేలోపే పని ముగించాలి. ఓవెన్ ఉన్న ఇంట్లో మొదటిదే నా ఓటు. లేకపోతే మూడోది. రెండోదాన్ని పండ్లు, కుండలు వంటి లావాటి వస్తువులకే ఉంచండి.

వెలుతురుకు గట్టిపడే యూవీ రెజిన్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు. 2024 జూన్‌లో అమెరికాలో యూవీ రెజిన్‌తో వచ్చే 'మినీవర్స్ మేక్ ఇట్ మినీ' ఆట సెట్లను దాదాపు 2 కోట్ల 10 లక్షల మేర వెనక్కి పిలిపించారు. గట్టిపడని ద్రవ రెజిన్‌లోని ఆక్రిలేట్లు చర్మానికి, కళ్లకు, శ్వాసకు హాని చేస్తాయన్నది కారణం. గట్టిపడ్డాక ఇబ్బంది లేదు, ఇబ్బందంతా సీసాలో ఉన్నప్పుడే. పెద్దవాళ్లు చేసినా తొడుగులు, గాలి వచ్చే గది తప్పనిసరి.

బొమ్మకు పడనివి

సామాను బాగుండి బొమ్మ పాడైతే ఏం లాభం. బొమ్మలకు వాడే మెత్తటి ప్లాస్టిక్, అంటే వినైల్ చర్మం, రంగును పీల్చుకుంటుంది. ముదురు ఎరుపు, నలుపు వస్తువులు, గుడ్డలు నెలల తరబడి ఆనించి ఉంచితే మరక లోపలికి దిగుతుంది, తుడిస్తే పోదు. గోళ్ల రంగు చూడ్డానికి రంగులానే ఉన్నా దానిలోని ద్రావకం గట్టి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, వినైల్ మీద జిగటగా మిగిలిపోతుంది. మెత్తటి వినైల్ మీద స్ప్రే వార్నిష్ కూడా ఎన్నాళ్లకూ జిగురు వదలకపోవచ్చు, ముందు కనబడని చోట కొట్టి చూడండి.

కొండపల్లి బొమ్మది తేలికపాటి తెల్లపొణికి చెక్క, అతుకులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు. నీటి రంగులు వేసినవి చాలా ఉంటాయి కాబట్టి తడిగుడ్డ తగలనివ్వొద్దు, పొడి కుంచెతో దుమ్ము దులపాలి. ఏటికొప్పాక లక్క నీళ్లకు అంత తొందరగా లొంగదు గాని స్పిరిటుకు కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేతులతో పట్టుకుంటే మీ వేలిముద్రలు దాని మీద శాశ్వతంగా పడతాయి.

చేతిలో నిలబెట్టడం

అమ్మకానికి వచ్చే ప్లాస్టిక్ సెట్లలో కుంచెకు చిన్న కొక్కెమో, రింగో ఉండి బొమ్మ వేలికి తగులుకుంటుంది. పిల్లలు ఆడుకోవడానికి అంతకన్నా అనువైనది లేదు, కంటికి మాత్రం ఇంపుగా ఉండదు. కేవలం చూసుకోవడానికైతే బొమ్మ చర్మం రంగు దారం రెండు చుట్లు తిప్పి అరచేతి వైపు ముడి వేయండి. మైనం లాంటి తీసేయదగ్గ అంటులు చల్లటి దేశాల్లో పనిచేసినంత బాగా మన మే నెలలో పనిచేయవు. గోడకు పోస్టర్లు అంటించే రబ్బరు ముద్ద వినైల్ మీద నూనె మరక వదులుతుంది, కొండపల్లి బొమ్మ మీదైతే రంగు పెచ్చు ఊడదీస్తుంది. మామూలు రబ్బరు బ్యాండు నాలుగు నెలలకు కరిగి అంటుకుపోతుంది. వేడి జిగురు తుపాకీ సంగతి చెప్పనే అక్కర్లేదు, చిట్టి వస్తువు కన్నా జిగురు బొట్టే పెద్దది.

వస్తువును వస్తువుకు అతికించాలంటే చెక్క, కాగితం, గుడ్డకు ఫెవికాల్ చాలు. లోహానికీ ప్లాస్టిక్‌కూ అది పట్టదు, అక్కడ రెండు ట్యూబుల ఎపాక్సీ. ఫెవిక్విక్‌ను గాజులా తేటగా ఉండే ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి, చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ కడుతుంది.

పిల్లల కోసమైతే

ఇంతవరకు చెప్పిన ఆవగింజ మూతలు, రాగి తీగ కుంచెలు పెద్దవాళ్ల అల్మారాకే. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ సామాను అద్దాల తలుపు వెనకే ఉండాలి. భద్రతా పరీక్షల్లో చిన్న ముక్కలను కొలిచే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. మన చిట్టి సామాను దాదాపు అంతా అందులో పట్టేస్తుంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పిల్లల ఆటకే కొంటున్నవారు ఆ గుర్తు చూసి కొనండి. 'అలంకరణకు మాత్రమే' అని రాసి అమ్మే చిట్టి సెట్టు చవకగా వస్తోందని పిల్లలకు ఇవ్వకండి.

ఆడుకునే వయసు పిల్లకు మూడో వంతు లేదా ఆరో వంతు ప్లాస్టిక్ సెట్టు, దాంతోపాటు తనే నింపుకునే ఖాళీ చిట్టి కాన్వాసులు నాలుగు. అన్నీ ఉన్న పాతిక ముక్కల సెట్టు కన్నా ఇదే ఎక్కువకాలం ఆడిస్తుంది, ఎందుకంటే కాన్వాసు మీద బొమ్మ గీసేది బొమ్మ కాదు, పిల్ల. అయస్కాంతంతో చేతికి అంటుకునే కుంచెలు, బటన్ బ్యాటరీతో వెలిగే చిట్టి దీపాలు మాత్రం ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టండి. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుంటాయి, బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే లోపలి గోడను కాల్చేస్తుంది. దీపం కావాల్సిందే అంటే బ్యాటరీ గది మూతకు మర బిగించి ఉన్నదే తీసుకోండి, ఆ మర తిప్పే పని మీరే చేయండి.